చిల్లు పూడ్చిన నేరం

రాయపూర్ రైలు కాలనీలోని తెలుగు కుటుంబాల పరస్పర సహాయ సంఘం వారి కారు రేడియేటర్‌కు చిల్లు పడిందనీ, సభ్యులెవరూ ఆందోళన చెందనవసరం లేదనీ, చిల్లు పూర్తిగా సంఘం అధీనంలోనే ఉన్నదనీ 1969 జూలైలో నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. కింద అధ్యక్షులు వెంకటరత్నం గారి సంతకం, సంతకం మీద రబ్బరు ముద్ర. ముద్ర చూశాక చాలామందికి ధైర్యం వచ్చింది.

ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. కాలనీవాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డవాళ్లు. పెద్దాసుపత్రి అయిదు మైళ్ల దూరాన ఊళ్లో ఉంది. వానాకాలంలో కాలనీకి వచ్చే భన్‌పురి రోడ్డు మీదికి రమ్మంటే రిక్షావాడు ఒకసారి ఆకాశం వైపు చూసి బీడీ వెలిగించుకుంటాడు. అందుకని బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక అధికారి దగ్గర ఈ నల్లకారును సంఘం చవగ్గా కొన్నది. తయారుచేసిన కంపెనీ పేరు తాలూకు అక్షరాలు అప్పటికే ఊడిపోయి ఉండటంతో దాని లోపాలకు ఎవరినీ నిందించే వీలు లేకపోయింది. రోగులకు, గర్భిణులకు, రైలుకు వెళ్లేవారికి ప్రాధాన్యం అని నియమావళిలో రాసుకున్నారు. డ్రైవరుగా పరదేశిని పెట్టుకున్నారు. పరదేశి భన్‌పురిలో ఇరవై ఏళ్లు లారీలు నడిపినవాడు. చప్పుడు విని బండికేం రోగమో చెప్పగలడు. ఈ కథలో అతనికి వచ్చిన కష్టాలన్నీ ఆ తెలివి వల్ల వచ్చినవే.

చిల్లు పెద్దదేం కాదు, కందిగింజంత. రేడియేటర్ అడుగున పడింది. రెండు మైళ్లు పోయేసరికి నీళ్లన్నీ దారిలో కారిపోయి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. పరదేశి వెళ్లి అధ్యక్షుల వారి గుమ్మంలో నిలబడ్డాడు.

"టంకం ఎయ్యాలి బాబూ. టాటీబంధ్‌లో సమారూ అని ఒకడున్నాడు. లారీ రేడియేటర్లన్నీ ఆడే సూస్తాడు. పద్దెనిమిది రూపాయలవుతాదన్నాడు."

వెంకటరత్నం గారు ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. కళ్లజోడు సవరించుకుని పుస్తకం తిరగేశారు. మరమ్మతుల పద్దు కింద ఏటికి పన్నెండు రూపాయలే కేటాయించి ఉన్నాయి. ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి డబ్బు మార్చడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు. కనుక వెంటనే ఖర్చు లేని చికిత్సల ఉపసంఘం ఒకటి ఏర్పాటయింది.

ఉపసంఘం నిద్రాహారాలు మాని పనిచేసింది. మొదటి వారం ఇంటికో చెంచా పసుపు వసూలు చేసి రేడియేటర్లో పోశారు. రెండో వారం బట్టల సబ్బు తురిమి వేశారు. మూడో వారం మినప్పిండి కలిపి పోశారు. కోడిగుడ్డు తెల్లసొన వేస్తే చిల్లు మూసుకుంటుందని ఒకరు ప్రతిపాదించారు గానీ, సత్యనారాయణ వ్రతాలకు పురోహితుణ్ని తీసుకొచ్చేది ఆ కారులోనే గనుక కారు శాకాహారిగానే ఉండాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. చిల్లు మూసుకోలేదు. కారు వెళ్లిన దారిలో మాత్రం జనం ముక్కులెగరేసి, ఎవరింట్లో పెళ్లి అని అడిగేవారు.

ఈ దశలో అచ్చయ్య గారు లేచి నిలబడ్డారు. అచ్చయ్య ముప్పై రెండేళ్లు రైలింజను నడిపి రిటైరైన డ్రైవరు. ఒక్కసారి కూడా ఎర్ర సిగ్నలు దాటని మనిషని కాలనీలో పేరు. ఆయన మాట్లాడితే అందరూ బీడీలు ఆర్పేస్తారు.

"నీళ్లు తాగని ఇంజను నేను పుట్టి బుద్ధెరిగాక సూళ్లేదు," అన్నాడాయన. "నాగపూర్ లైన్లో నా ఇంజను ముప్పై మైళ్లకోసారి తాగేది. దానికి సిల్లుందని ఎవడైనా అన్నాడా? పెద్దింజనుకి ముప్పై మైళ్లయితే ఈ సంటి ఇంజనుకి రెండు మైళ్లు. లెక్క సరిపోయింది గదా. దార్లో పానీ పట్టండి, అదే పోతాది. ఆవిరొస్తన్న ఇంజనుకి రోగమేటి?"

సభలో ఉన్నవాళ్లంతా రైలువాళ్లు. పుట్టినప్పటి నుంచీ ఇంజన్లు స్టేషన్లో ఆగి, తొండంలాంటి గొట్టం కింద నిలబడి నీళ్లు తాగడం చూసినవాళ్లు. ఈ మాటలో తప్పేమిటో ఎవరికీ తట్టలేదు. పరదేశి ఒక్కడే, "ఇది రైలు కాదు బాబూ, ఇందులో నీళ్లు పోకూడదు," అన్నాడు. లారీ మనిషి మాటకు రైలు కాలనీలో ఎంత విలువ ఉంటుందో అంతే విలువ దానికి దక్కింది.

కాలనీ నుంచి ఆసుపత్రి దాకా అయిదు నీటి స్థానాలు మంజూరయ్యాయి. మొదటి స్థానం అధ్యక్షుల వారి ఇంటి ముందు. పరదేశి ఇంటిని ఆనుకుని ఉన్న కారు షెడ్డుకు అది రెండు వందల గజాల దూరమే. అంతలో ఏ నీళ్లూ కారవు గానీ అధ్యక్షుల ఇంటి ముందు ఆగకుండా కారు ఎలా పోతుంది? రెండోది అచ్చయ్య గారింటి దగ్గర. మూడోది కాలనీ చివర తాయారమ్మ గారి బావి దగ్గర. తక్కిన రెండూ ఊళ్లోకి వెళ్లే దారిలో సంఘానికి దగ్గరవాళ్ల గుమ్మాల్లో. ఒక్కో స్థానానికి ఒక డ్రమ్ము, దాని మీద రంగుతో అంకె, ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా, కొట్టడానికి రైలు పట్టా ముక్క, సంతకాలకు ఒక రిజిస్టరు, వీటన్నిటి మీదా ఒక నీటి మాస్టరు. కారు రాకపోకల వేళలు ప్రెస్సులో అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. మొత్తం నూట నలభై రూపాయలయింది. అది మరమ్మతుల పద్దు కింద కాకుండా నీటి వసతుల పద్దు కింద పడింది కనుక పొదుపు నియమానికి ఏ భంగమూ కలగలేదు.

ఏర్పాటు దివ్యంగా నడిచింది. గూడ్సు గార్డు భార్యగా మాత్రమే తెలిసిన తాయారమ్మ గారు మూడో నీటి మాస్టరయ్యాక ఇత్తడి బిందె రోజూ చింతపండుతో తోమించేది. ఎర్రజెండా పట్టుకుని రోడ్డు మధ్య నిలబడేది. ఎవరు ఏ జబ్బుతో ఆసుపత్రికి పోతున్నారో, ఎవరింటికి పెళ్లిచూపులకు ఎవరు వచ్చారో ఆమెకు తెలిశాకే కాలనీకి తెలిసేది. కారు ఆగినంతసేపు ప్రయాణికులకు బెంచీ వేసి కాఫీ ఇచ్చేది. ఆమె కాఫీ తాగకుండా ఆసుపత్రికి చేరిన రోగి లేడని రిజిస్టరు చెబుతోంది. వీధి కుళాయి దగ్గరికి ఆమె వస్తే ఆడవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారు.

రెండేళ్లు గడిచాక సంఘం వార్షిక నివేదిక వచ్చింది. అయిదు మైళ్ల ప్రయాణం గంటా యాభై నిమిషాల్లో, చెప్పిన వేళకు, ఒక్క నిమిషం తేడా లేకుండా పూర్తవుతోందని అందులో గర్వంగా రాశారు. ఒక కొత్త జంట రైలు అందుకోలేకపోయిన మాట నిజమేననీ, ఆ రైలు సరిగ్గా వేళకు బయల్దేరడం వల్ల అలా జరిగిందనీ వివరణ ఇచ్చారు. ఆసుపత్రికి వెళ్లేవారి సంఖ్య మూడోవంతు తగ్గింది. మూడో స్థానం దగ్గర విసుగెత్తి దిగి ఇంటికి నడిచి వచ్చేసినవాళ్లే ఆ మూడోవంతు. నివేదికలో దాన్ని ప్రజారోగ్యంలో మెరుగుదల అన్నారు. ఒకాయనకు తాయారమ్మ గారి అరుగు మీదే జ్వరం దిగిపోయింది. ఆవిడకు అభినందన తీర్మానం చేశారు.

ఈ వైభవంలో పాలు లేనిది ఒక్క పరదేశి ఇంటికే. అతని భార్య బంగారమ్మకు ఆ బాధ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

"బండి మన గుమ్మంలోనే పడుకుంటాది," అనేది అన్నం వడ్డిస్తూ. "నీళ్లు మాత్రం ఊరోళ్లు పోస్తారు. మన డ్రమ్మేటి పాపం సేసింది మావా?"

"ఆ బండికి నీళ్లు పొయ్యడం గొప్ప కాదే, సిగ్గు," అనేవాడు పరదేశి. బంగారమ్మకు అది చేతగానివాడి మాటలా వినిపించేది.

ఇలా ఉండగా 1971 వానాకాలంలో వాళ్ల కూతురు సుభద్ర భిలాయి నుంచి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెలలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నదనీ, నొప్పులు మొదలైతే అరగంటలో తీసుకురావాలనీ, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకూ ప్రమాదమనీ చెప్పింది. పరదేశికి భయం పట్టుకుంది. ఘాట్ రోడ్ల మీద బ్రేకులు పోయిన లారీని దించినవాడికి కూడా అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఒక్కగానొక్క కూతురు. అరగంట ఎక్కడ, గంటా యాభై నిమిషాలు ఎక్కడ?

మర్నాడే అధ్యక్షుల వారి దగ్గరికి వెళ్లి, తక్కువ పడ్డ ఆరు రూపాయలూ తానే ఇస్తాననీ, టంకం వేయించనివ్వమనీ బతిమాలాడు.

వెంకటరత్నం గారు చాలా దయగా చూశారు. "పరదేశీ, నీ బాధ నాకు అర్థమైంది. కానీ సంఘం ఉద్యోగి సంఘానికి డబ్బివ్వడం నియమ విరుద్ధం. అది విరాళం కిందికి వస్తుంది. విరాళం సర్వసభ్య సమావేశంలో స్వీకరించాలి. సమావేశం ఉగాదికి. అయినా గర్భిణులకు ప్రాధాన్యం ఉండనే ఉంది కదా. సుభద్రకు ప్రతి స్థానంలోనూ ముందుగా నీళ్లు పట్టమని అయిదుగురు మాస్టర్లకూ కాగితం పంపిస్తాను."

పరదేశి ఇంటికి వచ్చి మనవడో మనవరాలో పుడితే ఉయ్యాల కొందామని దాచిన డబ్బు తీశాడు. టైర్లలో గాలి కొట్టించే వంకతో కారును టాటీబంధ్ తీసుకెళ్లాడు. లారీల మధ్య గోనెపట్టా వేసుకుని కూర్చున్న సమారూ రేడియేటర్ విప్పి, పసుపూ సబ్బూ పిండీ గోకి గోకి బయటికి తీశాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు గానీ ఇంత రుచికరమైన రేడియేటర్ ఎప్పుడూ చూడలేదన్నాడు. చిల్లు కడిగి, కొలిమిలో కాల్చిన కడ్డీతో టంకం పెట్టాడు. నీళ్లు నింపి, అడుగున వేలితో తడిమి చూపించాడు.

"అబ్ ఏకో బూంద్ నై టపకయ్," అన్నాడు. ఇక ఒక్క బొట్టు కారదని అర్థం. మొత్తం ముప్పావు గంట పని.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలయింది. చిల్లు పూడిన సంగతి తెలిస్తే ఊరుకోరని పరదేశికి తెలుసు. అందుకని మామూలుగానే అయిదు చోట్లా ఆగేవాడు. బానెట్ ఎత్తి, దాని చాటున బిందెడు నీళ్లూ రోడ్డు మీద పారబోసి, మూత బిగించి, రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. ఎనిమిది రోజులు అలా గడిచాయి. తొమ్మిదో రోజు అచ్చయ్య గారు కారు ముందు చాలాసేపు నిలబడి పెదవి విరిచారు.

"ఒరే పరదేశీ, ఆవిరి రావట్లేదేటి? ఇంజనుకి నీరసం సేసినట్టుంది. రేపట్నించి రెండేసి బిందెలు పట్టించు."

పరదేశి రెండేసి బిందెలు పారబోయడం మొదలుపెట్టాడు.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సుభద్రకు నొప్పులు వచ్చాయి. ఆ రోజే, అదే వేళకు, రెండో స్థానంలో ఇనప డ్రమ్ము స్థానే కట్టిన సిమెంటు తొట్టికి ప్రారంభోత్సవం. రోడ్డుకు అడ్డంగా బంతిపూల దండ కట్టారు. వెంకటరత్నం గారు నీటి ప్రాశస్త్యం గురించి వేదకాలం నుంచి ఎత్తుకుని అప్పుడే ఆవిరియంత్రం దాకా వచ్చారు. కారులో వెనక సీట్లో సుభద్ర తల్లి ఒళ్లో తల పెట్టుకుని పళ్లు బిగించింది. మొదటి స్థానంలో ఎర్రజెండా లేచింది. పరదేశి చూశాడు. కాలు బ్రేకు మీదికి వెళ్లలేదు.

రెండో స్థానంలో హారను మోగించుకుంటూ వచ్చిన కారును చూసి సభ రెండుగా చీలింది. కారు పూలదండను తెంపుకుని, దాన్ని బానెట్ మీద వేసుకుని వెళ్లిపోయింది. తొట్టికి ప్రారంభోత్సవం అయినట్టా కానట్టా అన్నది తర్వాత చాలాకాలం చర్చలో ఉంది. మూడో స్థానంలో తాయారమ్మ గారు ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, జెండా ఊపుతూ, "ఆపు పరదేశీ, కాఫీ సల్లారిపోతాది," అని వెనకాల యాభై గజాలు నడిచింది. నాలుగూ అయిదూ ఎలా దాటాయో పరదేశికి గుర్తులేదు.

పద్నాలుగు నిమిషాల్లో ఆసుపత్రి చేరారు. పదిన్నరకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ అన్నది. పరదేశి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాడు. ఆ తర్వాత బయటికి వెళ్లి కారు బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

ఆదివారం విచారణ జరిగింది. అయిదు ఎర్రజెండాలు దాటడం, అయిదు రిజిస్టర్లలో సంతకం చేయకపోవడం, సంఘం నీటిని తిరస్కరించడం అని మూడు అభియోగాలు. ముప్పై రెండేళ్లలో ఒక్క సిగ్నలు దాటని అచ్చయ్య గారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. బిడ్డ ఎలా ఉందని ఒకరిద్దరు అడిగారు గానీ అది విచారణ పరిధిలోకి రాదని అధ్యక్షులు గుర్తుచేశారు.

పరదేశి దాచలేదు. "సిల్లు లేదు బాబూ. పూడ్పించేశాను. రండి, సూడండి."

అందరూ షెడ్డులోకి వెళ్లి రేడియేటర్ అడుగున వేళ్లు పెట్టి చూశారు. పొడిగా ఉంది. అందరూ తమ వేళ్లకేసి చూసుకున్నారు. అయిదుగురు నీటి మాస్టర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంతోషించవలసిన సమయమని అందరికీ తెలుసు. ముందుగా ఎవరు సంతోషించాలో తెలియక ఎవరూ సంతోషించలేదు.

వెంకటరత్నం గారు గొంతు సవరించుకున్నారు. "సభ్యులారా. చిల్లు ఎవరిది? సంఘానిది. సంఘం ఆస్తిని సంఘం అనుమతి లేకుండా పూడ్చే అధికారం ఒక వ్యక్తికి ఎక్కడిది? ఈ రోజు చిల్లు పోయింది. రేపు అయిదు స్థానాలూ పోతాయి. ఎల్లుండి మన కొత్త తొట్టిలో దోమలు చేరతాయి. తాయారమ్మ గారు ఆ బిందె తీసుకుని ఎక్కడికి వెళ్లాలి? రెండేళ్లు ఎండనకా వాననకా మనం పోసిన నీళ్లన్నీ వృథా అని మన నోటితో మనమే ఒప్పుకోవాలా?"

సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది. పరదేశిని ఉద్యోగంలోంచి తీసేయాలని ఒకరన్నారు. మరి కారెవరు నడుపుతారని ఇంకొకరన్నారు. చివరికి మానవతా దృష్టితో ఒక రాజీ కుదిరింది. రేడియేటర్‌ను పూర్వస్థితికి తేవాలి. పరదేశి ఇంటి ముందు ఆరో నీటి స్థానం ఏర్పాటు చేయాలి. దానికి నీటి మాస్టరుగా శ్రీమతి బంగారమ్మ గారిని నియమించాలి.

పరదేశి కుదరదని చెబుదామని నోరు తెరిచాడు. అంతలో గుమ్మం దగ్గర ఆడవాళ్లలో నిలబడ్డ బంగారమ్మ గొంతు వినిపించింది. "డ్రమ్మా, సిమెంటు తొట్టా?" అని అడుగుతోంది. ఆ పక్కనే తాయారమ్మ గారు జరిగి ఆమెకు చోటిచ్చింది. పెళ్లయిన పాతికేళ్లలో భార్య ముఖం అంత వెలిగిపోవడం పరదేశి చూడలేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మూసుకున్నాడు.

సమారూ ఆ పని చేయనన్నాడు. "మోర్ కామ్ ఛేద్ ముందనా హే, కరనా నై," అన్నాడు. నా పని చిల్లులు పూడ్చడం, పెట్టడం కాదు అని. పైగా పరదేశికి ఒళ్లు వేడిగా ఉందేమోనని నుదురు తాకి చూశాడు. దాంతో పరదేశే ఇంటికి వచ్చి, షెడ్డు తలుపు వేసుకుని, ఒక మేకూ సుత్తీ తీసుకున్నాడు. పనిమంతుడు కనుక చక్కగా చేశాడు. మరీ పెద్దది కాకుండా, మరీ చిన్నది కాకుండా, సరిగ్గా రెండు మైళ్లకు సరిపడే చిల్లు.

ఇరవై ఒకటో రోజున బారసాల. ముఖ్య అతిథులు కారులో వచ్చి ఆరో స్థానంలో ఆగారు. సుభద్రను ఆసుపత్రికి చేర్చిన ఆ కారుకు బంగారమ్మ పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టిన కొత్త బిందెతో నీళ్లు పోసింది. ఆవిరి గుప్పున లేచింది. అచ్చయ్య గారు కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చి, ఇంజను ఇప్పుడు ఆరోగ్యంగా ఉందన్నారు. ఉయ్యాల కొనలేదు గనుక పిల్లను పాతచీరతో కట్టిన జోలెలో వేశారు. జోలె ఊపుతూ సుభద్ర తండ్రితో, "మళ్లీ కాన్పుకి నేను నడిసెళ్లిపోతాలే నాన్నా," అన్నది. పరదేశి వినిపించనట్టు నటించాడు.

ఈ సంగతి బయటికి పొక్కాక కాలనీ లోపలా బయటా పరదేశిని తిట్టనివాళ్లు లేరు. చేతులారా బాగుచేసినదాన్ని చేతులారా చెడగొట్టుకునే మనుషులుంటారా అని అరుగుల మీద కూర్చుని ఎంతో బాధపడ్డారు. మర్నాడు సంఘం కార్యాలయం తలుపు తీసేసరికి ఏడో నీటి స్థానానికి పదకొండు దరఖాస్తులు వచ్చి ఉన్నాయి.